సందర్శన సమయంలో మగ్గం నడుస్తున్నదా?

నా పీహెచ్‌డీ అంశం ఏమిటో విని నవ్వని మనిషి మా నాన్న ఒక్కడే. "మనుషులు చేయాల్సిన నిర్ణయాన్ని యంత్రం చేస్తే సమాజం మీద పడే ప్రభావం" అన్నది ఆ అంశం. తొంభైల మొదట్లో నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీలో నేను సమాజశాస్త్రం చెప్పేదాన్ని. పర్మినెంటు కాదు. ప్రతి వేసవిలోనూ ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా అని బిక్కుబిక్కుమంటూ గడపడమే. పీహెచ్‌డీ చేతికొస్తే నిలదొక్కుకుంటానని ఆశ. స్టాఫ్ రూంలో నా అంశం బయటపడ్డ రోజు నుంచి నన్ను ఆటపట్టించడం వాళ్లకు చాయ్ తాగినంత మామూలైపోయింది. "మేడం, జర మీ మిషన్‌ను అడిగి చెప్పుండ్రి, ఈసారన్న వానలు పడ్తయా" అని ఒకరు, "మా పిల్లగానికి సంబంధం చూస్తదా" అని ఇంకొకరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పుస్తకం మూసి లేచిపోయేదాన్ని.

మా నాన్న కోడేరులో వేరుశనగ వేసే రైతు. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశాడు. "గా మిషన్ ఏడుంటది బిడ్డా?"

"వనపర్తిల ఉంది నాయినా."

"వనపర్తిల ఉందంటె మరి ఉన్నట్టే" అని ఊరుకున్నాడు.

నిజంగానే ఉంది. గద్వాలలో చీరలు నేసేవాళ్లకు మగ్గం షెడ్డుతో సహా ఇళ్ల స్థలాలు ఇవ్వాలని ఒక పథకం వచ్చింది. స్థలాలు కొన్నే, అడిగేవాళ్లు ఎక్కువ. మగ్గం ముఖం చూడని వాళ్లు కూడా నేతగాళ్లమని అర్జీలు పెట్టుకున్నారు. ప్రతి నాయకుడూ తన మనుషుల పేర్లతో ఒక చీటీ పంపిస్తున్నాడు. ఈ తలనొప్పి ఎందుకని, అసలైన నేతగాళ్లెవరో కంప్యూటర్‌తోనే తేల్చుదామని ఒక కమిటీ వేశారు. ఆ కమిటీలో మా గైడ్ సార్ ఒకరు. హైదరాబాద్ నుంచి వచ్చేవారు, మెత్తగా మాట్లాడేవారు, నా అంశాన్ని విశ్వవిద్యాలయంలో పోట్లాడి ఒప్పించింది ఆయనే. దేశంలో ఎవరూ చేయని పని మనం చేస్తున్నామమ్మా అనేవారు. నాకు ఒళ్లు పులకరించేది.

నిపుణులు ఎలా ఆలోచిస్తారో అడిగి తెలుసుకుని, ఇలా ఉంటే అలా అని నియమాలుగా రాసి యంత్రానికి ఇవ్వడం అప్పటి పద్ధతి. నిపుణ వ్యవస్థ అనేవాళ్లు. కృత్రిమ మేధ అంటే ఆ రోజుల్లో మాకు తెలిసింది అదే. వనపర్తిలో ఒక శిక్షణ కేంద్రం వెనక గదిలో ఆ కంప్యూటర్ ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. దాన్ని నడిపే ఆయన నలభై దాటిన లెక్చరర్. మేమందరం కంప్యూటర్ సార్ అనేవాళ్లం. నన్ను ఎక్కువ ఆకట్టుకున్న సంగతేమిటంటే, ఆ ప్రోగ్రాం ఒక పేరును కాదన్నాక ఎందుకు అని అడిగితే ఏ నియమం ప్రకారం కాదన్నదో తెర మీద చూపిస్తుంది. మా తాలూకాలో కారణం చెప్పి కాదన్న ఆఫీసరును నేను అంతవరకు చూడలేదు.

గద్వాలలో ఒక నేతగాళ్ల వాడకట్టుకు ఫారాలు పట్టుకుని పోయి నింపుకు రావడం, ఆ పనిని గమనిస్తూ నా థీసిస్ రాసుకోవడం నా వంతు. ఫారంలో చాలా ప్రశ్నలుండేవి. కుటుంబంలో ఎందరు, మగ్గం సొంతమా, ఎన్నేళ్లుగా నేస్తున్నారు, అలా. వాటిలో ఒకటి "సందర్శన సమయంలో మగ్గం నడుస్తున్నదా? అవును/కాదు." మగ్గాన్ని చూపెట్టడానికి మాత్రమే పెట్టుకున్నవాళ్లను పట్టుకోవడానికి ఆ ప్రశ్న పెట్టారని తర్వాత తెలిసింది. అప్పుడు నాకు అది ఒక గీత మీద టిక్కు, అంతే.

మొదటిసారి పోయింది మామూలు పనిదినం. వాడకట్టు మొదట్లోనే ఒక ఇల్లు. లోపల నేలలో నడుము లోతు గుంట తవ్వి, దాని మీద మగ్గం దింపి ఉంది. గుంటలో కాళ్లు పెట్టుకుని ఒకామె నేస్తోంది. ముప్పై అయిదు ఉంటాయేమో. భర్త పోయి నాలుగేళ్లయిందట. నూలు చీరకు పట్టు అంచు కలిసే చోట పోగుకు పోగు ముడేయాలి. అది ఒక్క మనిషితో అయ్యే పని కాదు. పక్కన ఆమె అత్త కూర్చుని అంచు పోగు అందిస్తోంది. నేను గడప దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాను. ఆమె తలెత్తలేదు. ఫారం చదవడం మొదలుపెట్టాను. మూడో ప్రశ్నకు, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆపింది.

"ఏంది మేడం ఇది? నువ్వు అడుగుడు, నేను చెప్పుడు, ఈడ పోగు తప్పుడు. ఈ మూర మల్ల ఇప్పాల్నంటె నువ్వొచ్చి ఇప్పుతవా?"

నా ముఖం మాడిపోయింది. తిరిగి పోబోతుంటే ఆమెకే జాలేసినట్టుంది. "అమాసనాడు రా సెల్లె" అంది. "అమాసకు మేము మగ్గం ముట్టం. వాడంత ఇండ్లల్లనె ఉంటరు. ఎంతసేపన్న మాట్లాడొచ్చు."

అమావాస్యకు నేతపని ఆపడం వాళ్ల ఆనవాయితీ. మా రైతుల ఇళ్లల్లో అమావాస్య అంటే ప్రయాణం పెట్టుకోకపోవడం వరకే. నేను ఆ మాట పట్టుకుని, వరుసగా మూడు అమావాస్యలకు గద్వాల పోయాను. ఎంత తెలివైన పని చేస్తున్నానో అనుకున్నాను. మిగతా వాడకట్టులు చూసేవాళ్లు పనిదినాల్లో పోయి చీవాట్లు తిని, బస్టాండు హోటల్లో కూర్చుని ఫారాలు వాళ్లే నింపేస్తున్నారని నాకు తెలుసు. నేను మాత్రం అరుగుల మీద కూర్చుని, పెట్టింది తిని, ప్రతి జవాబూ వాళ్ల నోటి నుంచి విని రాశాను. కళ్లతో చూడనిది కాగితం మీద పెట్టకూడదని నా పట్టుదల. మగ్గం నడుస్తున్నదా అన్న చోట ప్రతి ఇంటికీ "కాదు" అని టిక్కు పెట్టాను. నడవట్లేదు కదా మరి.

ఆ మూడు నెలల్లో ఆమె నాకు అక్క అయింది. అమావాస్యనాడు ఆమె వేరే మనిషి. తలంటి పోసుకుని, కాళ్లు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. పాదాలకు ఆముదం రాసుకుంటూ మాట్లాడేది. ఆ ఇల్లు అద్దెది. మగ్గం పెట్టాలంటే నేల తవ్వాలి, తన ఇంటి నేల తవ్వనిచ్చే యజమాని దొరకడం కష్టం. ఆ ఇంటాయన కొడుకు పెళ్లి పెట్టుకున్నాడు. వానాకాలం లోపల గుంట పూడ్చి, నేల చదును చేసి ఇల్లు అప్పజెప్పాలన్నాడు. ఎక్కడ అడిగినా మనుషులైతే రండి, గుంట మాత్రం వద్దంటున్నారట.

"స్థలమొస్తె గుంట నేనే తవ్వుకుంట సెల్లె" అంది ఒకసారి. "ఎవ్వడు పూడ్వమనని గుంట. నాకింకేం వద్దు."

వస్తుందక్కా అన్నాను. నాకు అంత నమ్మకం. నాయకుల చీటీలు నమ్మని యంత్రం, ఇరవై ఏళ్లుగా నేస్తున్న మనిషిని ఎట్లా కాదంటుంది?

ఫారాలు కంప్యూటర్‌కు ఎక్కించడానికి నెల దగ్గర పట్టింది. జాబితా వచ్చిందని కబురు రాగానే ఒక శనివారం కాలేజీ సగంపూట ముగించుకుని గోపాల్‌పేట మీదుగా బస్సులో వనపర్తి పోయాను. ప్రింటర్ నుంచి వచ్చిన కాగితం మడతలు మడతలుగా బల్ల మీద ఉంది. అక్క పేరు వెతికాను. లేదు. పక్కింటివాళ్లది లేదు. ఎదురింటివాళ్లది లేదు. నేను రాసిన వాడకట్టు మొత్తంలో ఒక్క పేరు లేదు. ఇంకో వాడకట్టు నుంచి, మగ్గం మీద వడ్ల బస్తాలు పేర్చుకున్నాడని గద్వాలంతా నవ్వుకునే ఒకాయన పేరు మాత్రం పైనుంచి అయిదో వరుసలో ఉంది.

"మీ మిషన్ పాడైంది సార్" అన్నాను. గొంతు పెద్దగానే లేచింది.

కంప్యూటర్ సార్ అక్క ఫారం నంబరు కొట్టి, ఎందుకు అని అడిగారు. తెర మీద రెండు వరుసలు వచ్చాయి. సందర్శన సమయంలో మగ్గం నడవకపోతే అది వాడుకలో లేని మగ్గం. మగ్గం వాడుకలో లేకపోతే అర్జీదారు నేతగాడు కాదు. ఇంకో నంబరు కొట్టారు. అవే రెండు వరుసలు. ఇంకోటి. అవే.

 కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వడ్ల బస్తాలాయన ఫారంలో "అవును" అని ఉంది, హోటల్లో కూర్చుని నింపిందే అయి ఉంటుంది. నిజం రాసింది నేను ఒక్కదాన్నే. నా నిజం వాడకట్టు మొత్తాన్ని నేతగాళ్లు కాకుండా చేసింది.

గైడ్ సార్ ఆ రోజు వనపర్తిలోనే ఉన్నారు. జాబితా తీసుకుని మర్నాడు, ఆదివారం, సాయంత్రం నాలుగింటి బస్సుకు పాలమూరు పోవాలి. సోమవారం పొద్దున్నే అది పెద్ద ఆఫీసులో చేరాలి. ఆయనకు అంతా చెప్పాను. అమావాస్యకు పోవడం, టిక్కులు, అన్నీ. నియమం తీసేయమన్నాను.

"నియమాలు కమిటీ ఆమోదించింది. మనిద్దరం కూర్చుని మార్చేవి కావు" అన్నారు. మళ్లీ ఆయనే నెమ్మదిగా అన్నారు. "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. నీ అంశమే ఇది కదా. యంత్రం నిర్ణయం వల్ల మనుషులకు ఏం జరుగుతుందో ఇంత స్పష్టంగా ఇంకెక్కడ దొరుకుతుంది? జాబితా పోనీ. ఏడాది పాటు వాళ్లను గమనించి రాయి. నీ థీసిస్‌కు ఇది గుండెకాయ అవుతుంది. పరిశోధకులు చూడాలి, వేలు పెట్టకూడదు."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆ అధ్యాయం నా కళ్ల ముందు కనపడింది. దాని శీర్షిక కూడా తట్టింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు సిగ్గే.

ఆయన బయటికి పోయాక కంప్యూటర్ సార్ తలుపు దగ్గరికి వేసి, "మేడం, మీ ఫారాలే కదా. కాదు ఉన్నచోట అవును కొట్టేస్త. పది నిమిషాల పని. ఎవరికి తెల్వదు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను ఒప్పుకోలేదు. హోటల్లో కూర్చుని రాసేవాళ్లను తిట్టిన నోటితో ఎట్లా ఒప్పుకోను? మళ్లీ పోయి, మగ్గాలు నడుస్తుంటే చూసి, కొత్త ఫారాలు రాసుకొస్తానన్నాను. గైడ్ సార్ కూడా సరేనన్నారు. "నాలుగింటి లోపల వస్తేనే" అన్నారు.

రాత్రి వనపర్తిలోనే స్నేహితురాలి గదిలో ఉండి, ఆదివారం తెల్లవారగానే మొదటి బస్సెక్కాను. పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా జనం. తడి బట్టలతో ఆడవాళ్లు కృష్ణ గట్టెక్కి వస్తున్నారు. బస్సు నత్తనడక నడుస్తోంది. ఏంది ఈ రద్దీ అని కండక్టర్ను విసుక్కున్నాను.

"అమాస గద మేడం ఇయ్యాల. తానాలకొచ్చిండ్రు."

 మూడు నెలలు అమావాస్యలు లెక్కపెట్టుకుని తిరిగిన దాన్ని, కావలసిన రోజున క్యాలెండర్ వంక చూడలేదు. వెనక్కి పోదామా అనుకున్నాను. కాని ఎర్రవల్లి చౌరస్తా కూడా దాటిపోయింది, నేను దిగలేదు.

వాడకట్టులో ఒక్క మగ్గం చప్పుడు లేదు. అక్క అరుగు మీద కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. "ఏంది సెల్లె, పోయిన అమాసకె అయిపోయిందంటివి గద" అని నవ్వుతూ జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. జాబితాలో నీ పేరు లేదక్కా, వాడలో ఎవరి పేరూ లేదు, నేను మగ్గం ఆగిందని రాసినందుకు మీరెవరూ నేతగాళ్లు కాదని మిషన్ అంటోంది. నాలుగింటి లోపల మగ్గం నడుస్తుంటే చూసి రాయాలి.

ఆమె నవ్వు అట్లాగే ఆగిపోయింది. 

"నీకు తీరిక దొరుకుతదని నేనే అమాసకు రమ్మంటి" అంది. "నువ్వు మా తీరికనె రాసుకపోయినవా?"

 అప్పటికే నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి నిలబడ్డారు. విషయం ఇల్లిల్లూ పాకింది. ఒకాయన నన్ను తిట్టాడు. తిట్టనీ అని ఊరుకున్నాను. వాడకట్టులో పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, అరవై ఏళ్లవాడు, ఆయన మాటంటే అందరికీ గురి. అంతా విని అడిగాడు. "రేపు నేస్తం, రేపు చూడరాదు?"

"రేపటికి జాబితా పోతది పెద్దనాయినా."

"ఎంత నెయ్యాలె మరి?"

"నేను చూస్తె చాలు."

ఆయన తువ్వాలు భుజం మీద సర్దుకుని లోపలికి పోయాడు. దేవుని గూటి వైపు ఒకసారి దండం పెట్టి, గుంటలో కాళ్లు దించాడు. నాడె నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించాడు. ఆ నిశ్శబ్దంలో మగ్గం చప్పుడు వాడ చివరి దాకా వినిపించింది. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. "రాసుకో బిడ్డా" అన్నాడు ఆయన. నేను "అవును" అని టిక్కు పెట్టాను. 

తర్వాత ఒక్కో ఇల్లూ. ఒకామె ఏడ్చి, తర్వాత నేసింది. ఒకాయన నా ముఖం చూడకుండా నేశాడు. ఇంకొకరి ఇంట్లో ముసలామె, కీడు లోపలికి రాకుండా అన్నట్టు, నా కాళ్లకు అడ్డం నీళ్లు చల్లింది. ఎవరూ నాలుగు పోగుల కంటే ఎక్కువ వేయలేదు. వాళ్ల పుట్టుకలో ఎన్నడూ ముట్టనిది ముట్టించి, దాన్ని కళ్లారా చూసి, నిజమే రాస్తున్నానని నన్ను నేను సముదాయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగాను. ఒంటిగంట దాటింది. చివరికి అక్క ఇంటికి వచ్చాను. నా వెనక వాడ సగం వచ్చింది.

ఆమె అరుగు మీది నుంచి లేవలేదు.

"అక్కా, టైం లేదు" అన్నాను.

"నేను ముట్ట."

"నాలుగు పోగులే అక్కా."

"నెల దినాలు గా గుంటల కాళ్లు పెట్టుకుని కూసుంట. ఈ ఒక్క దినం నా కాళ్లు బయటుంటయి. మా ఆయన పోయిన నెల గూడ ఈ దినం ముట్టలె. గీ ఒక్క దినం గూడ మీ మిషన్‌కియ్యాల్నా?" ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు మొదటిపారి వచ్చినప్పుడు నేస్తుంటి గద. నీ మీద కోపం జేస్తి గద. నీ కండ్లతోని చూసినవు. అది రాయి."

నిజమే. నేను చూశాను. తప్పిన పోగు కూడా చూశాను. కలం తీశాను. అప్పుడు వెనక నుంచి, ఇందాక ఏడ్చినామె అంది. "మేమందరం ముట్టితిమి. ఆమెకు ఊకెనె రాస్తవా మేడం?" ఇంకెవరో, "అట్లయితె మాతోని ఎందుకు ముట్టిచ్చినవు?" అన్నారు. పెద్దమనిషి నా కలం వంక చూస్తూ నిలబడ్డాడు.  నేను ఆ గీత ఖాళీగా వదిలి, ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను. "బస్సుల రాస్త అక్కా" అని ఆమెకు మాత్రమే వినపడేట్టు అన్నాను. ఆమె తలూపింది. నన్ను నమ్మింది.

బస్సులో రాయలేదు. ఫారం తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. అవును అంటే ఈ రోజు చూడనిది రాసినట్టు. కాదు అంటే ఆమె గుంట పోయినట్టు. పెబ్బేరు వచ్చింది, కొత్తగా ఎక్కినవాళ్లు పక్కన కూర్చున్నారు, నేను ఫారం ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. వనపర్తిలో దిగేసరికి మూడున్నర. శిక్షణ కేంద్రం దాకా పరుగెత్తాను. గైడ్ సార్ సంచి సర్దుకుని గది గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. కంప్యూటర్ సార్ ఫారాలు గబగబా ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో పేరూ జాబితాలోకి వస్తుంటే నాకు కొంచెం కొంచెం ఊపిరాడింది. ఆఖరి ఫారం దగ్గర ఆయన ఆగారు.

"మేడం, ఇది ఖాళీ ఉంది. ఖాళీ ఉంటే తీసుకోదు. ఏం కొట్టాలె?"

గైడ్ సార్ నా వంక తిరిగారు. "చూశావా, లేదా?" అన్నారు.

అంతే అడిగారు. వేరే ఉద్దేశం లేదు, బస్సు టైమయిందని తొందర. నేను చూశాననొచ్చు. అది అబద్ధం కూడా కాదు. కాని ఆయన ముందు, నా థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మనిషి ముందు, ఆ రోజు చూడని మగ్గాన్ని చూశానని చెప్పలేకపోయాను. రేపు ఎవరైనా వాడకట్టుకు పోయి విచారిస్తే? ఆమె ఒక్కతే ముట్టలేదని వాళ్లే చెప్తే? నా ఫారాలన్నీ దొంగవి అంటే? ఆ రెండు నిమిషాల్లో నేను ఆలోచించింది నా ఉద్యోగం గురించి, నా పేరు గురించి. అక్క గురించి కాదు.

"ఈ రోజు చూడలేదు సార్" అన్నాను.

"కాదు" అని కంప్యూటర్ సార్ నెమ్మదిగా అంటూ మీట నొక్కారు.

వాడకట్టులో మిగతా అందరికీ స్థలాలు వచ్చాయి. నాకు డాక్టరేట్ వచ్చింది, ఆ తర్వాత ఉద్యోగం పర్మినెంటయింది. నన్ను చూసి నవ్వినవాళ్లే నా అంశం గురించి పిల్లలకు చెప్పమని పిలిచారు. తర్వాత పెద్ద ఊళ్ల నుంచి పిలుపులొచ్చాయి. యంత్రాలూ నీతీ అన్న మాట ఎక్కడ వచ్చినా నన్ను పిలవడం మొదలుపెట్టారు. ప్రతిచోటా నేను ఈ కథే చెప్పాను. యంత్రానికి అమావాస్య తెలియదు, కాబట్టి పొరపాటు పడింది, మనుషులు పోయి దిద్దారు అని చెప్పి కూర్చునేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. గైడ్ సార్ ముందు వరుసలో ఉంటే ఆయన కూడా కొట్టేవారు. ఖాళీ ఫారం సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

జాబితా పోయిన ఆ ఏడే, వానలు మొదలయ్యాక గద్వాల పోయాను. పోకుండా ఉండలేకపోయాను. ఆ ఇంట్లో పెళ్లి పందిరి గుంజలు ఇంకా తీయలేదు. అక్క అక్కడ లేదు. వెనక సందులో ఒంటి గదిలో ఉంటోందని చెప్పారు. పోయి చూస్తే అత్తాకోడళ్లిద్దరూ నేల మీద కూర్చుని ఎవరి మగ్గానికో నూలు కండెలు చుడుతున్నారు. విప్పిన మగ్గం కట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. కూర్చోమంది. చెంబుతో నీళ్లిచ్చింది. నేను బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ మొదలుపెట్టాను. సార్ అడిగారనీ, వాడవాళ్లు చూస్తున్నారనీ, నేను భయపడ్డాననీ.

ఆమె మధ్యలోనే ఆపింది. "పోనియ్యి సెల్లె. నాకొక్కటే తెల్వలె. గా మిషన్ కాదన్నదా, నువ్వు కాదన్నవా?"

"నేనే అన్న అక్కా."

ఆమె కండె కింద పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకుంది. "ఇన్ని దినాలు మిషన్‌ను తిడుతున్న" అంది.